టర్కీ కోడిలో రొట్టె ముందురోజు రాత్రి కూరకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన క్రిస్మస్ వంటల పేజీ గురించి ఈ ఉత్తరం. టర్కీ కోడి, దాని పొట్టలో కూరే బ్రెడ్ స్టఫింగ్ ఎలా చెయ్యాలో అందులో వేశారు. చివర్న ఒక మాట ఉంది. స్టఫింగ్‌ని ముందురోజు రాత్రే కోడిలో గట్టిగా కూరి ఫ్రిజ్‌లో పెట్టేసుకుంటే పండగ పొద్దున పని తేలికవుతుందని. దయచేసి ఆ మాట సరిదిద్ది, క్రిస్మస్ లోపలే మళ్లీ వేయండి.

నేను 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఉండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. కానీ ఇది నర్సుగా రాస్తున్న ఉత్తరం కాదు. 1997 క్రిస్మస్‌కి అచ్చం మీరు రాసినట్టే చేసిన మనిషిగా రాస్తున్నాను.

ఆ ఏడాది మా తమ్ముడి కుటుంబం, మా చిన్నాన్న వాళ్లు, మేము కలిపి పదకొండు మందిమి. పాతపట్నం అవతల ఒక పల్లెలో టర్కీ కోళ్లు పెంచే రైతు దగ్గర నాలుగున్నర కిలోల కోడి తెచ్చాం. ఇంట్లో ఓవెన్ లేదు. ఊళ్లో అందరూ కేకు ట్రేలు పంపినట్టే మేమూ కోడిని బేకరీ భట్టీకి పంపాలి. అదీ తెల్లవారుజామున ఐదింటికల్లా పంపాలి, ఆ తర్వాత వాళ్లకి కేకుల రద్దీ. రాత్రి ఆరాధన నుంచి వచ్చాక కూరే ఓపిక ఉండదని 24 సాయంత్రం ఏడింటికే ఆ పని చేసేశాను. స్టఫింగ్ అప్పటికి ఇంకా గోరువెచ్చగా ఉంది. ఎక్కువ పట్టాలని వేళ్లతో అదిమి అదిమి పెట్టి, సూదీ దారంతో కుట్టి, ఫ్రిజ్‌లో ఒక అర తీసేసి మరీ పెట్టాను.

మర్నాడు భట్టీ నుంచి వచ్చిన కోడిని చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. తోలు బెల్లం పాకం రంగులో మెరుస్తోంది. తొడ దగ్గర చాకు గుచ్చితే తేటనీరే వచ్చింది, ఉడికిందనుకున్నాను. స్టఫింగ్ బయటికి తీస్తుంటే గరిటె లోపలికి వెళ్లేకొద్దీ వేడి తగ్గుతూ వచ్చింది. నడిమధ్యలోది చేతికి వెచ్చగా కూడా తగల్లేదు. ముద్దముద్దగా, కొంచెం గులాబి రంగు తడితో ఉంది. అది నేను చూశాను. చూసి కూడా, అందరూ కంచాల ముందు కూర్చున్నారు కదా అని వడ్డించేశాను.

ఆ రాత్రి పదకొండింటికి మా తమ్ముడి చిన్నకొడుకు, నాలుగేళ్లవాడు, వచ్చి నా చెయ్యి పట్టుకుని "అత్తా, కడుపులో తిప్పుతోంది" అన్నాడు. తెల్లారేసరికి ఏడుగురికి వాంతులు, విరేచనాలు. వాడికి రెండు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ సూది నేనే పెట్టాను. నీళ్లు తగ్గిపోయిన చిన్నపిల్లలకి నరం ఒక పట్టాన దొరకదు, రెండుసార్లు గుచ్చాను. వాడికిప్పుడు ముప్పై దాటాయి, ఆ సంగతి గుర్తు కూడా లేదు. నాకు ప్రతి డిసెంబరులోనూ గుర్తొస్తుంది.

ఎందుకలా అయిందో తర్వాత ఒక్కొక్కటే తెలుసుకున్నాను. కూరడం మనకి కొత్త కాదు. గుత్తి వంకాయ కూరతాం, కాకరకాయ కూరతాం. కానీ వంకాయ చిన్నది, నూనెలో కాసేపు మగ్గితే లోపలి కారం దాకా వేడి చేరుతుంది. పైగా అది కూరగాయ. టర్కీ పొట్టలో పెట్టిన రొట్టెకి చుట్టూ ఉన్నది పచ్చి మాంసం. ఆ మాంసంలోంచి కారే నీరంతా రొట్టె స్పంజిలా పీల్చుకుంటుంది. కోడిమాంసంలో సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండొచ్చు. ఉప్పు, పసుపు వేసి కడిగినంత మాత్రాన అవి పోవు. 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య అవి జోరుగా పెరుగుతాయి. బాగా అనువుగా ఉంటే 20 నిమిషాలకే రెట్టింపు కాగలవు. నేను గోరువెచ్చటి ముద్దని నాలుగున్నర కిలోల మాంసం మధ్య పెట్టి కుట్టేశాను. ఫ్రిజ్ చల్లదనం ఆ మధ్యకి చేరడానికి ఎన్ని గంటలు పట్టి ఉంటుందో మీరే ఆలోచించండి. పొద్దున భట్టీలో వేడి చేరడానికీ అంతే ఆలస్యం. స్టఫింగ్ నట్టనడుమ 74 డిగ్రీలు తాకితేనే తినడానికి పనికొస్తుంది. అది తాకేదాకా ఉంచితే రొమ్ము మాంసం పీచులా ఎండిపోతుంది, మాంసం బాగున్నప్పుడు తీస్తే మధ్యది పచ్చిగా ఉండిపోతుంది. అందులోనూ గట్టిగా అదిమితే మరీ కష్టం.

అందుకని అప్పటినుంచీ మా ఇంట్లో స్టఫింగ్ వేరే ట్రేలోనే అవుతుంది. అమెరికాలో, కెనడాలో కూడా చాలామంది ఇప్పుడు అలాగే చేస్తున్నారు. కోడి పొట్టలో ఒక ఉల్లిపాయ, ఒక నిమ్మచెక్క, నాలుగు ఆకులు వేసి వదిలేస్తాను. ఓవెన్ 165 డిగ్రీల మీద ఉంటే నాలుగున్నర కిలోల కోడికి, లోపల ఏమీ కూరకపోతే, దాదాపు మూడు గంటలు చాలు. కోడి రుచి రొట్టెకి రాదంటారా? మెడ, రెక్కల చివర్లు, కందనకాయ, అన్నీ వేసి ముందురోజు గంటన్నర మరిగించిన రసమే కదా రొట్టెలో పోసేది. చాలకపోతే, కోడి ట్రేలోకి కారిన నెయ్యిలాంటి కొవ్వు రెండు చెంచాలు పైన పోయండి.

మీరు పని తేలిక కావాలని రాశారు, ఆ ఉద్దేశం మంచిదే. ముందురోజు చేసుకోగలిగిన పని చాలా ఉంది. రొట్టె ఎండబెట్టుకోవచ్చు. ఉల్లిపాయలు వేయించి చల్లార్చి ఫ్రిజ్‌లో విడిగా పెట్టుకోవచ్చు. రసం కాచి వడగట్టి అదీ విడిగా పెట్టుకోవచ్చు. పొద్దున మూడూ కలపడానికి పది నిమిషాలు. పచ్చికోడినీ రొట్టెనీ మాత్రం రాత్రంతా కలిపి ఉంచకూడదు. కోడి పొట్టలోనే పెట్టాలని పట్టుదల ఉన్నవాళ్లు ఓవెన్‌లోకి వెళ్లే ముందు వదులుగా పెట్టి, వెంటనే కాల్చి, స్టఫింగ్ మధ్యలో థర్మామీటర్ గుచ్చి 74 చూసుకున్నాకే తియ్యాలి. ఆ వంటింటి థర్మామీటర్ కొన్ని వందల్లో దొరుకుతుంది. మా నర్సింగ్ రోజుల్లో జ్వరం ఎంతుందో చేత్తో చూసి రాస్తే సిస్టర్ ఊరుకునేవారా?

ఇక రొట్టె సంగతి. బేకరీ మిల్క్ బ్రెడ్డు పన్నెండు స్లైసులు తీసుకుని పాలల్లో నానబెట్టమన్నారు. మా వైపు బేకరీల్లో దొరికే బ్రెడ్డు తియ్యగా, దూదిలా ఉంటుంది. దాన్ని పాలల్లో నానబెడితే ఉల్లిపాయ వేసిన హల్వా తయారవుతుంది. దీనికి ఇంట్లో చేసుకున్న ఉప్పు రొట్టె కావాలి.

ఈ మాట నా సొంతం కాదు, మా అమ్మమ్మది. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్లు తర్వాత మా వైపు కూడా వచ్చారు. ఆ మిషన్ వాళ్ల బంగళాలో మా అమ్మమ్మ వంట చేసేది. వాళ్లకి ఈ కోడి పండగ క్రిస్మస్‌కే కాదు, అక్టోబరులో కోతల కృతజ్ఞతా పండగకీ ఉంటుంది. అమెరికా వాళ్లు నవంబరు నాలుగో గురువారం చేసుకుంటే, కెనడాలో అది అక్టోబరు రెండో సోమవారం. ఇక్కడ టర్కీ దొరకనప్పుడు దొరసాని బాతుతోనో, బలిసిన నాటుకోడితోనో సర్దుకునేదట. స్టఫింగ్ మాత్రం మానేది కాదు. అమ్మమ్మ దాన్ని "కూరుడు రొట్టె" అనేది. వంటింట్లో నేను ఇప్పటికీ అదే మాట అంటాను.

ఆమె లెక్క చేతి లెక్క. నేను తూచి రాసుకున్నాను. మైదా అరకిలో, గోధుమపిండి 100 గ్రాములు, ఉప్పు రెండు చెంచాలు, పంచదార ఒకటే చెంచా, డ్రై ఈస్ట్ 7 గ్రాములు, గోరువెచ్చటి నీళ్లు 360 మిల్లీలీటర్లు, కొంచెం నూనె. పది నిమిషాలు గట్టిగా పిసకాలి. మా దగ్గర డిసెంబరులో మహేంద్రగిరి వైపు నుంచి చలిగాలి దిగుతుంది, పిండి ఓ పట్టాన పొంగదు. పొయ్యి పక్కన తడిగుడ్డ కప్పి రెండు గంటలు ఓపిక పట్టాలి. రెట్టింపయ్యాక రొట్టెలా చుట్టి ఇంకో ముప్పావుగంట ఉంచి, 200 డిగ్రీల మీద 35, 40 నిమిషాలు కాల్చాలి. రొట్టె తిరగేసి అడుగున వేలితో కొడితే ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగాలి. ఇది 22నే చేసేసుకోండి. ఓవెన్ లేనివాళ్లు బేకరీ అతన్ని ముందుగా అడిగితే పంచదార తగ్గించి ఒకటి చేసిపెడతాడు.

మర్నాడు రొట్టెని చాకుతో కొయ్యకుండా చేత్తో తుంచాలి, ఉసిరికాయంత ముక్కలు. గరుకు అంచులకే రసం బాగా పడుతుంది, ట్రేలో పైన కరకరలాడేవీ అవే. ఆ ముక్కల్ని 130 డిగ్రీల ఓవెన్‌లో ముప్పావుగంట ఎండబెట్టండి. రెండు రోజులు పడేసిన పాతరొట్టె చాలు కదా అనుకుంటారు. పాతబడిన రొట్టె గట్టిపడుతుంది గానీ దానిలో నీరు చాలావరకు అలాగే ఉంటుంది. వేడికి ఎండిన రొట్టెలోంచి నీరు పోతుంది, అందుకే అది రసాన్ని తాగుతుంది. ఎండాయో లేదో తెలుసుకోవడానికి మా అమ్మమ్మ ట్రేని చెవి దగ్గర పెట్టి కుదిపేది. మరమరాల్లా గలగలమంటే అయినట్టు.

బాణలిలో 150 గ్రాముల వెన్న, సన్నగా తరిగిన మూడు పెద్ద ఉల్లిపాయలు. కెనడా వాళ్లు ఇందులో సెలెరీ కాడలు వేస్తారు. మాకు అవి విశాఖపట్నం నుంచి రావాలి. అమ్మమ్మ కాలీఫ్లవర్ లేత కాడలు సన్నగా తరిగి, చిటికెడు వాము వేసేది. సేజ్ ఆకు బదులు పెరట్లో కుండీలో ఉండే కర్పూరవల్లి, మేము వామాకు అంటాం, నాలుగు ఆకులు. మీ పేజీలో సేజ్, థైమ్ లేకపోతే చెయ్యలేరన్నట్టు రాశారు. అలా ఏం లేదు. థైమ్‌కి ఆ ఘాటు తెచ్చే థైమాల్ మన వాములోనూ ఉంది. కరీబియన్ దీవుల్లోనూ కోడిలో కూరే రొట్టెకి ఈ వామాకు వాడేవాళ్లున్నారు. అమ్మమ్మకి ఆ సంగతి తెలియదు, వాసన చూసి కనిపెట్టింది.

ఉల్లిపాయ మెత్తబడ్డాక, రంగు మారకముందే దించేసి చల్లార్చాలి. కలిపేటప్పుడు రొట్టెముక్కల మీద ఉల్లిపాయ, మిరియాలపొడి, ఉప్పు, రెండు గిలక్కొట్టిన గుడ్లు వేసి, రసం కొంచెం కొంచెంగా పోస్తూ పోవాలి. అరలీటరు దాటాక ఆగి చూడండి. గుప్పిట్లోకి తీసుకుని నొక్కితే ముద్దలా నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. వదిలితే మెల్లగా విచ్చుకోవాలి. ఒక్క గ్లాసు ఎక్కువైతే ఇక చేసేదేమీ లేదు, కాబట్టి ఇక్కడ తొందరపడకండి. వెన్న రాసిన ట్రేలో వదులుగా పరిచి, 180 డిగ్రీల మీద అరగంట మూతతో, పావుగంట మూత లేకుండా. మధ్యలో 74 వచ్చిందో లేదో చూసి దించండి. పది మందికి సరిపోతుంది. మిగిలింది రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టేసి, మూడు నాలుగు రోజుల్లో బాగా పొగలొచ్చేలా వేడిచేసి తినెయ్యాలి. మర్నాడు పొద్దున అదే పెనం మీద అట్టులా కాల్చితే మా మనవడు టిఫిను ఇంకోటి అడగడు.

ఇంత పట్టుబట్టి ఎందుకు రాస్తున్నానో చెప్తాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు ఆంధ్ర వైపు ఉండిపోయింది. మా పిల్లలు బళ్లో ఒడియా చదువుకున్నారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మా కోడలిది గుణుపురం. ఆమె తెలుగు చదవడం నేర్చుకున్నది మీ ఆదివారం వంటల పేజీ మీదే, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. మా సంఘంలో అలాంటి ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. తెలుగులో అచ్చయింది కాబట్టి నిజమే అయ్యుంటుందని వాళ్లకి నమ్మకం. కత్తిరించి బియ్యం డబ్బా మూత లోపల అతికించుకుంటారు. మొన్న ఆరాధన అయ్యాక ఒకావిడ "అక్కా, ఈసారి పేపర్లో వేసినట్టే రాత్రికే కూరేస్తాను, పొద్దున టెన్షన్ ఉండదు" అని సంతోషంగా చెప్పింది. ఆమెకి అక్కడే కూర్చోబెట్టి చెప్పాను. మిగతా ఇళ్లన్నిటికీ నేను వెళ్లలేను కదండీ.

పండగకి ఇంకా రెండు ఆదివారాలున్నాయి. సవరణ ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో కాకుండా అదే పేజీలో, అదే సైజులో వేయండి. కత్తిరించి పెట్టుకున్నవాళ్లు పాతదాని మీద అతికించుకుంటారు.

ఇట్లు,
విశ్రాంత స్టాఫ్ నర్సు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా