ఓడ బొమ్మ ఉన్న వెండి నాణేలు కొనేముందు

బిడ్డా,

నువ్వు పంపిన రెండు నాణేల ఫోటోలు చూశాను, ఒకటి వాస్కో డ గామాది, ఇంకోటి కొలంబస్‌ది. కొనుక్కో, నేనేం వద్దనను. కానీ అమ్మేవాడు చెప్పే ముచ్చట్లు పక్కన పెట్టి ముందు వెండి లెక్క చూద్దాం, కరీంనగర్‌లో ఇన్నేళ్లు వెండి తీగ పని చేసినోణ్ణి కదా, నాకు ముందు కనబడేది అదే.

వాస్కో డ గామాది పోర్చుగల్ వాళ్లు ఆయన పుట్టి 500 ఏళ్లయిందని 1969లో వేసిన 50 ఎస్కుడోల (వాళ్ల పాత డబ్బు) నాణెం. బరువు 18 గ్రాములే గానీ టంచు, అంటే వెండి స్వచ్ఛత, నూటికి 65, అంటే అసలు వెండి 11.7 గ్రాములు, మన పాత తులమంత. అమెరికా వాళ్ల కొలంబస్ అర డాలర్ 12.5 గ్రాములు, టంచు 90, వెండి 11.25 గ్రాములు. రెండింట్లో వెండి దాదాపు సమానం. ఆ పైన నువ్వు ఇచ్చేదంతా ముద్రకు మజూరీ అనుకో.

ఇక ఆ అర డాలర్ 130 ఏళ్ల నాటిది, దొరకదు అన్నాడంటే నమ్మకు. చికాగో ఎగ్జిబిషన్ కోసం 1892, 1893లో లక్షల్లో కొట్టి, ఒక్కోటి డాలర్‌కు అమ్మజూపారు, అర డాలర్ నాణేనికి డాలర్ ఎవరిస్తారు, అమ్ముడుపోక మిగిలినవి చాలావరకు మామూలు చిల్లరలో కలిపేశారు, జనం వాటితో సరుకులు కొనుక్కున్నారు. అందుకే అరిగినవి ఇప్పటికీ బాగా దొరుకుతాయి. అదే 1928లో హవాయి కోసం వేసిన, ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ బొమ్మ ఉన్న అర డాలర్ అయితే కొట్టిందే సుమారు 10,000, దాని ధర వేరు. పాతదా కొత్తదా కాదు, ఎన్ని కొట్టారు, ఎంత అరిగింది, అది చూడు.

ఆ మొహం కొలంబస్‌ది అని కూడా గట్టిగా అనుకోకు, బతికుండగా ఆయన బొమ్మ ఎవరూ గీసినట్టు ఆధారం లేదు. గామాకు తూర్పు ఆఫ్రికాలోని మాలింది రేవులో దొరికిన, సముద్రం దారి తెలిసిన పైలట్ దారి చూపిస్తేనే 1498లో కాలికట్ చేరాడు, ఆ పైలట్‌కు మాత్రం నాణెం మీద చోటు లేదు. ఆ మాటకొస్తే గామా పుట్టకముందే, 1244లో, మన ఓరుగల్లు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు, ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వ్యాపారుల సరుకు ఇకపై జప్తు చేయం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని. శాతవాహనులైతే సీసపు నాణేల మీదే రెండు తెరకొయ్యల ఓడ వేశారు. ఎవరైనా దానికి వెండి నాణెం వేస్తే మొదటిది నేనే కొంటా.

ఒక్కటి మాత్రం కచ్చితంగా విను. నల్లగా ఉందని కుంకుడుకాయ రసం, బూడిద, టూత్‌పేస్ట్ ఏదీ పెట్టి తోమకు. మన పన్‌దాన్లు తళతళలాడాలి గానీ, నాణేన్ని తోమితే గీతలు పడి పై పొర పోతుంది, తెలిసినవాడు వెంటనే ధర తగ్గిస్తాడు. ఆ నలుపు గాలిలోని గంధకంతో వచ్చేదే, ఉండనీ. మెత్తటి పీవీసీ కవర్లలో కూడా పెట్టకు, కొన్నాళ్లకు జిగటగా పచ్చటి మరక పడుతుంది. అంచు పట్టుకునే తియ్యి.

గామా నాణెం తీసుకో, కొలంబస్‌ది ధర తగ్గిస్తేనే. కొనేముందు అక్కడే తూకం వేయించి, అంచు కనబడేలా ఒక ఫోటో పెట్టు, అయస్కాంతం కూడా ఆనించి చూడు, అంటుకుంటే అక్కడే వదిలెయ్. అమ్మ అడుగుతోంది, ఆదివారం ఫోన్ చేస్తావా అని.

మీ బాపు