తాడు కట్టుకొనే ఎక్కుతున్నవా బిడ్డా?

హన్మకొండ

బిడ్డకు బాపు దీవెనలు. ఇక్కడ అందరం మంచిగున్నం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. భద్రకాళి చెరువు నిండింది, పొద్దున నడకకు అటే పోతున్న. నీ ఫోన్ కలుస్తలేదు. పని ఎక్కువున్నదేమో అని అమ్మకు చెప్పిన.

మొన్న చిన్నత్త వచ్చింది. పాండవుల గుట్టల కాడ నువ్వు తాడు లేకుంట ఒక్కదానివే బండ ఎక్కుతుంటే ఎవరో చూసిన్రట. చిన్నత్త మాటల సంగతి నీకు తెలుసు, నేను నమ్మలే. అమ్మకు చెప్పలే.

నీ అలమార సర్దుతుంటే బండలెక్కుడుల పేరున్న అమెరికాయన రాయల్ రాబిన్స్ 1971ల రాసిన ‘బేసిక్ రాక్‌క్రాఫ్ట్’ పుస్తకం దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకొని సగం చదివిన. 2017 మార్చిల ఆయన పోయిండని తెలిసిన రాత్రి నువ్వు అన్నం ముట్టలే. ఎందుకో ఇప్పుడు తెలుస్తున్నది. తాడు తగిలించేటందుకు పగుళ్లల్ల మేకులు కొట్టి కొట్టి రాయిని పాడు చేయొద్దు, చేత్తోని దూర్చి తీసే లోహపు ముక్కలు, అదే నట్లు, చాలు అన్న మనిషి. 1967ల భార్య లిజ్‌తోని కలిసి అమెరికాల యోసెమిటీ లోయల ఒక్క మేకు కొట్టకుంట కొత్త దారి ఎక్కి చూపించిండు.

నువ్వు ఒకనాడు అన్నం తినుకుంట చెప్పిన కథ మళ్ల యాదికొచ్చింది. 1970ల వారెన్ హార్డింగ్, డీన్ కాల్డ్‌వెల్ అదే యోసెమిటీల ఉన్న ఎల్ క్యాపిటన్ అనే పెద్ద రాతిగోడ మీద 27 రోజులున్నరు. తుఫానుల చిక్కిన్రు, కాపాడుతమంటే ఒద్దన్నరు. దారి పొడుగునా రాయికి రంధ్రాలు చేసి బోల్టులు దింపిన్రు. అది రాబిన్స్‌కు నచ్చలే. మరుసటేడు డాన్ లారియాతోని అదే దారి పట్టి, ఎక్కుకుంటనే ఆ బోల్టులు నరుక్కుంట పోయిండు. కొంత పైకి పోయినంక చెయ్యి ఆగింది. హార్డింగ్ ఎక్కిన తీరు తను అనుకున్నదానికన్న ఎంతో గొప్పగున్నదని కండ్లార చూసిండు. నరుకుడు బంద్ చేసి, మిగిలిన గోడ ఉన్నదున్నట్టు ఎక్కిండు. అంత పేరున్న మనిషి గోడ మధ్యల మనసు మార్చుకున్నడు. మన ఇంట్ల అసొంటోళ్లు తక్కువ. మీ తాత బాయి ముచ్చట నీకెరుకే.

1968ల ఎల్ క్యాపిటన్‌ను మొదటిసారి ఒంటరిగ ఎక్కింది గూడ రాబిన్సే. ఒంటరిగ పోయిండు గని తాడు ఇడువలే. తన తాడు తనే కట్టుకొని ఎక్కిండు, మళ్ల దిగి సామాను గుంజుకుంట ఎక్కిండు. అంతటోడు కట్టుకున్నడు బిడ్డా. భువనగిరి బండ మీద నేర్చుకుంట అన్ననాడు నేను ఒద్దన్ననా? ఇప్పుడూ ఒద్దంటలేను. కని పాండవుల గుట్టలు భువనగిరి లెక్క గ్రానైటు కాదు, ఇసుకరాయి. తడిస్తే బలం తగ్గుతది, పట్టుకున్న పెచ్చు చేతికే ఊడొస్తది. వాన పడ్డంక బండ లోపల దాక ఆరేదాక అటు పోకు. తోడు లేకుంట అసలే పోకు. తాడు పాతదైతే కొత్తది కొను, పైసలు నేను పంపుత. హెల్మెట్ బెల్టు పెట్టుకో, ఉత్తగ నెత్తి మీద పెట్టుకునుడు కాదు.

చిన్నోడు ఆదివారం హైదరాబాద్ వస్తుండు. అమ్మ నువ్వుల పొడి, కారప్పొడి కట్టింది, కొబ్బరినూనె సీసా గూడ పెట్టింది. పండేముందు వేళ్లకు రాసుకో. చిన్నత్త చెప్పింది అబద్ధమైతే ఒక్క మాట ఫోన్ చేసి చెప్పు. నిజమైతే గూడ చెప్పు, కోపం చెయ్య.

ఇట్లు
బాపు