చీరల కొట్లో కూర్చోకు, కంచి చూడు

ఒరేయ్ శీనూ,

చెల్లి పెళ్ళి కుదిరిందని, పట్టుచీరలకి అందరూ కలిసి కంచి వెళ్తున్నారని చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. పిన్నీవాళ్ళు కొట్లో కూర్చున్నారంటే పూట గడిచిపోతుంది. నువ్వక్కడ ఫోన్ చూసుకుంటూ కూర్చోకు. పొద్దున్నే ఆటో మాట్లాడుకుని ముందు కైలాసనాథుడి గుడికి పో. మధ్యాహ్నమైతే అక్కడి గుళ్ళన్నీ మూసేస్తారు, మళ్ళీ సాయంత్రం నాలుగింటికే తీసేది.

అది ఊరికి ఓ మూల ఉంటుంది. కామాక్షి, ఏకామ్రేశ్వరుడు, వరదరాజస్వామి, ఈ మూడూ చూసి బస్సెక్కేసే జనం అటు రారు. నన్నడిగితే కంచి మొదలయ్యేదే అక్కడ. ఎనిమిదో శతాబ్దం మొదట్లో పల్లవ రాజసింహుడు కట్టించాడు. ఇసుకరాయి కావడంతో స్తంభాలకి చెక్కిన సింహాల మూతులు కొన్ని అరిగిపోయాయి. ప్రాకారం వెంబడి వరసగా 58 చిన్న గుళ్ళున్నాయి. వాటిలోకి తొంగిచూడు, పాత రంగుల బొమ్మలు అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. గర్భగుడి చుట్టూ తిరగాలంటే ఇరుకు సందులోకి పాక్కుంటూ దూరాలి. పునర్జన్మ ఉండదంటారు. నీ పొట్టతో ఈ జన్మే గట్టెక్కితే చాలు!

అసలు చూడాల్సింది ముందున్న మండపంలోని స్తంభం. దానిమీద కన్నడ శాసనం ఉంది. తమిళ రాజు గుడిలో కన్నడమేంటని నేనూ బుర్ర గోక్కున్నాను. కథ పాతదే. 642లో పల్లవ నరసింహవర్మ కన్నడ దేశాన్నేలే చాళుక్యుల రాజధాని వాతాపి మీద పడి గెలిచాడు. దాదాపు వందేళ్ళకి చాళుక్య విక్రమాదిత్యుడు, రెండోవాడు, పగ తీర్చుకోడానికి కంచి పట్టుకున్నాడు. దోచుకోడానికి అడ్డేముంది? కానీ ఈ గుడి సంపద చూసి, ఆ సొమ్ము దేవుడికే వదిలేసి, ఆ సంగతి ఇక్కడే చెక్కించాడు. ఆయన కంచి విజయానికి గుర్తుగా రాణి లోకమహాదేవి కర్ణాటకలోని పట్టదకల్లులో కట్టించిన విరూపాక్షాలయం చూస్తే కైలాసనాథుడి పోలికలు ఇట్టే తెలిసిపోతాయి. ఊరు గెలిచినవాడికి ఆ ఊరి గుడే నచ్చేసిందన్నమాట.

మరి ఓడిపోయిన రాజు సంగతి? నందివర్మ పల్లవమల్లుడు. ఆయన కథ కోసం వైకుంఠ పెరుమాళ్ గుడికి వెళ్ళాలి. చుట్టూ ఉన్న వసారా గోడలనిండా పల్లవుల చరిత్రను బొమ్మల్లో చెక్కారు. వారసుడు లేకుండా రాజు చనిపోతే, పెద్దలు ఆ వంశంలోనే వేరే శాఖకి చెందిన హిరణ్యవర్మ దగ్గరికి వెళ్ళి కొడుకుని ఇమ్మన్నారు. పెద్ద కొడుకులు ముగ్గురూ మాకొద్దంటే, పన్నెండేళ్ళ చిన్నవాడు నేనొస్తానన్నాడు. ఆ కుర్రాడే ఇతను! చాళుక్యుల చేతిలో దెబ్బతిని, మళ్ళీ నిలదొక్కుకుని, చాలా ఏళ్ళు ఏలి ఈ గుడి కట్టించాడు. గర్భగుళ్ళు మూడంతస్తులు: కింద కూర్చున్న స్వామి, పైన పడుకున్నవాడు, ఆపైన నిలబడ్డవాడు.

మిగతావి ఎలాగూ చూస్తావు. ఏకామ్రేశ్వరుడి పెద్ద గోపురం మన రాయలవారిదే. వరదరాజస్వామి గుడి నూరుస్తంభాల మండపంలో రాతి గొలుసులు మర్చిపోకు. కోనేట్లోంచి 40 ఏళ్ళకోసారి బయటికొచ్చే అత్తి వరదర్‌ని, అంటే అత్తి చెక్కతో చేసిన వరదరాజస్వామి విగ్రహాన్ని, 2019లో చూడనివాళ్ళు ఇక 2059 దాకా ఆగాల్సిందే. అక్కడి ఇడ్లీ మాత్రం వదలకు. వెదురు బుట్టలో ఆకులు పరిచి ఉడికిస్తారు, మిరియాలు, జీలకర్ర, శొంఠి ఘాటుతో మన ఇడ్లీకి పూర్తిగా వేరు.

పిన్నికి ఓ మాట చెప్పు. తను పాడే శ్యామశాస్త్రి కృతుల్లోని బంగారు కామాక్షి ఇప్పుడు కంచిలో లేదు. దండయాత్రల రోజుల్లో ఆ విగ్రహాన్ని దాచి తరలించారు, చివరికి తంజావూరు చేరింది. ఆ అమ్మవారి పూజారుల వంశంవాడే శాస్త్రిగారు. ఆయన కృతులు ఎక్కువగా తెలుగులోనే ఉన్నాయి. ఇది చెబితే పిన్ని తంజావూరు కూడా పోదామంటుంది, చెల్లి నన్ను తిడుతుంది, అది వేరే సంగతి.

జరీ అసలుదో నకిలీదో నన్నడక్కు, ఆ బేరాలు పిన్నివే. ఏ తేదీకి బయల్దేరుతున్నారో వెంటనే రాయి. సెలవు దొరికితే అరక్కోణంలో మిమ్మల్ని కలుసుకుంటాను.

నీ,
రాజు