కాలికి తగిలిన ప్రతి బంతికీ విజిల్ వేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో స్కూలు, గురుకుల బాస్కెట్‌బాల్ పోటీల్లో బంతి కాలికి తగిలితే చాలు, గట్టు మీద ఉన్నవాళ్లు ‘ఫుట్, ఫుట్’ అని అరుస్తారు. కొందరు రిఫరీలు ఆ అరుపుతోపాటే విజిల్ వేసేస్తున్నారు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నియమావళి 13వ అధికరణం ప్రకారం కావాలని తన్నినా, కాలు అడ్డుపెట్టినా తప్పు. అనుకోకుండా తగిలితే ఆట సాగాల్సిందే. కాలంటే పాదం ఒక్కటే కాదు, మోకాలూ తొడా కూడా.

కాలు బంతి మీదికి వెళ్లిందా, బంతే వచ్చి కాలికి కొట్టుకుందా అన్నదే చూడాలి. డిఫెండర్ (ఎదుటి జట్టును అడ్డుకునే ఆటగాడు) మోకాళ్లు వంచి పక్కకు జరుగుతుండగా బౌన్స్ పాస్ (నేలకు కొట్టి అందించే బంతి) పిక్కకు తగిలితే తప్పేమీ లేదు. పాస్ దారిలోకి పాదం చాపినా, మోకాళ్లు దగ్గరికి చేర్చి బంతిని ఆపినా విజిల్ పడాలి. బంతి వెంటే కళ్లు తిప్పే రిఫరీకి ఈ తేడా దొరకదు. పాస్ వదలకముందే డిఫెండర్ కాళ్ల మీద చూపు ఉండాలి.

పొరపాటు నిర్ణయం గడియారం దగ్గర బాగా దెబ్బతీస్తుంది. దాడి చేస్తున్న జట్టు ఎన్ని సెకన్లలోపు బంతిని బుట్టలోకి వేయాలో చూపే గడియారం షాట్ క్లాక్. అందులో దాడి జట్టుకు 9 సెకన్లు ఉన్నప్పుడు డిఫెండర్ కావాలని తన్నితే, ఫ్రంట్ కోర్టు (దాడి చేసే బుట్ట ఉన్న సగం) నుంచి బంతి లోపలికి వేసే త్రో-ఇన్‌కు 14 సెకన్లు ఇవ్వాలి. 17 ఉంటే 17తోనే కొనసాగాలి. బంతి అనుకోకుండా కాలికి తగిలి బయటికి పోతే ఆ 9 సెకన్లే. లేని తప్పు పట్టినందుకు 5 సెకన్లు ఉత్తపుణ్యానికి ఇచ్చినట్టవుతుంది, చివరి నిమిషంలో అది మ్యాచ్‌నే తిప్పేస్తుంది.

ఇంకో గందరగోళం కూడా ఉంది. కాలు చాచి ఎదుటి ఆటగాడిని అడ్డుకున్నా, స్క్రీన్ వేస్తూ (తోటి ఆటగాడి కోసం డిఫెండర్ దారికి అడ్డుగా నిలబడుతూ) మోకాలు బయటికి పెట్టి తగిలించినా అది పర్సనల్ ఫౌల్. అలాంటివి 5 అయితే ఆటగాడు బయటికే. క్వార్టర్‌లో జట్టు ఫౌళ్లు 4 దాటాక, బంతి తమ దగ్గర లేనప్పుడు ఫౌల్ చేస్తే ఎదుటివాళ్లకు 2 ఫ్రీ త్రోలు. బంతిని తన్నడం మాత్రం వయొలేషన్ (ఫౌల్ కాని నియమ ఉల్లంఘన), ఈ లెక్కలోకి రాదు. స్కోర్‌షీట్‌లో దాన్ని ఫౌల్‌గా రాస్తే పిల్లాడికి అన్యాయం చేసినట్టే.

ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) మండల పోటీలకు ముందే వ్యాయామ ఉపాధ్యాయులైన పీఈటీలను, పీడీలను, స్కోరు, గడియారం చూసే టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లను కోర్టులోకి దింపి, బౌన్స్ పాస్‌లు వేయించి ఈ తేడా చూపించాలి. ఒక పూట చాలు. విజిల్ వేశాక పాదం వైపు వేలు చూపే సైగ కూడా తప్పనిసరి చేయాలి. ఏం తప్పు పట్టారో కోచ్‌కూ, టేబుల్‌కూ తెలిసేది దానివల్లే. జిల్లా విద్యాశాఖ, క్రీడాధికారులు జట్ల ఎంపికకు ముందే ఈ పని చేయాలని కోరుతున్నాం.

— బాస్కెట్‌బాల్ శిక్షకులు, నల్లగొండ