పెరట్లో కాస్త మట్టి ఉంచరా

ఒరేయ్,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. ఇల్లు పూర్తికావచ్చిందంటే ఎంత సంతోషమనిపించిందో! కానీ చివర్లో రాసిన ముక్క దగ్గర ఆగిపోయాను. పెరడంతా సిమెంటు చేయిస్తే ఆకులు ఊడ్చే బాధ ఉండదన్నావు. మేస్త్రీకి ఇంకా చెప్పకపోతే, ఇది చదివేదాకా ఆగు.

మేం మునుపు అద్దెకున్న ఇల్లు గుర్తుందా? కిటికీ పైన ఇటుక ఊడిన కన్నంలో పిచ్చుకల జంట కాపురం పెట్టింది. పొద్దున్నే కూర్చుని వాటినే చూసేవాణ్ణి. పెద్ద పిచ్చుకలు గింజలు తింటాయి గానీ, పిల్లల నోట్లో పెట్టేది పురుగుల్నే. పక్కనున్న ఖాళీ స్థలంలో పిచ్చిమొక్కల మీద ఏరుకొచ్చేవి, నిమిషం ఆగకుండా. మరుసటేడు ఆ స్థలం చదును చేసి బండలు పరిచారు. కన్నం అలాగే ఉంది, పిచ్చుకలు మాత్రం రాలేదు. తిండి దొరకని చోట గూడు దేనికిరా వాటికి? అందుకే గోడకు గూడుపెట్టె తగిలిస్తే సరిపోతుందని ఎవరన్నా అంటే నాకు మనసొప్పదు.

పట్నంలో ప్రాణులకు అడవే కావాలని కాదు. అమెరికాలోని ఆస్టిన్‌లో 1980లో ఒక వంతెన తిరిగి కట్టినప్పుడు, దాని అడుగున సన్నటి సందులు మిగిలాయి. గబ్బిలాల కోసం ఎవరూ వదల్లేదు. అయినా అవి వచ్చి చేరాయి. జనం మొదట హడలిపోయి తరిమేయమన్నారు. ఇప్పుడు వేసవి సాయంత్రాల్లో అదే జనం వంతెన దగ్గర గుమిగూడి, దాదాపు 15 లక్షల గబ్బిలాలు పొగలా లేచి పురుగుల వేటకు వెళ్లడం చూస్తారు.

సింగపూర్‌లో ఇంకా పెద్ద పని చేశారు. బిషాన్ అనే చోట పార్కు పక్కనున్న 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను పగలగొట్టి, 2012కల్లా మట్టి గట్లతో వంపులు తిరిగే ఏరుగా మార్చారు. వాన ఎక్కువైతే నీళ్లు పార్కులోకి పరుచుకుని మెల్లగా దిగిపోతాయి. తర్వాత నీటికుక్కలు పిల్లాపాపలతో వచ్చి అక్కడ ఈదాయి! కాంక్రీటు వేసినవాళ్లే దాన్ని తీసేశారంటే, నువ్వు వేయకముందే ఆగడం ఎంత తేలికో చూడు.

నేనడిగేది కొంచెమే. నడవడానికి బాట వేసుకో, మిగతాది మట్టిగా ఉంచు. తేనెటీగల జాతుల్లో సుమారు 70 శాతం నేలలో బొరియ చేసుకునేవే, తుట్టె కట్టేవి తక్కువ. ఊడ్చిన ఆకులు ఓ మూల పోగేస్తే చాలు, వానపాములు చూసుకుంటాయి. మొక్కల ఆకులకు చిల్లులు పడితే టెన్షన్ పడి మందు కొట్టకు. గొంగళిపురుగు తినకపోతే సీతాకోకచిలుక ఎక్కణ్ణుంచి వస్తుంది?

హాల్లో కిటికీకి పెట్టిస్తున్న పెద్ద అద్దం సంగతి కూడా. అందులో కనపడే ఆకాశం నిజమనుకుని పిట్టలు గుద్దుకుంటాయి. షికాగోలో 2023 అక్టోబరులో ఒక్క భవనం అద్దాలకు కొట్టుకుని, ఒకే రాత్రి దాదాపు 1000 పక్షులు చనిపోయాయి. ఆ వార్త చదివిన రోజు నాకు ఏ పనీ తోచలేదు. అద్దానికి బయటివైపు 5 సెంటీమీటర్లకొక చుక్క ఉండేలా ఫిల్మ్ అంటిస్తే చాలు. పెరటి లైటు కూడా రాత్రంతా వెలగనివ్వకు.

వచ్చే నెల మొదట్లో వస్తున్నాను. ఈలోగా మేస్త్రీకి ముందువైపు పని చెప్పు. పెరట్లో ఎంత మట్టి వదలాలో ఇద్దరం నిలబడి ముగ్గుతో గీద్దాం.

నీ
నేస్తం