ఎల్.డిస్ సంగతి చెప్పిన పెద్దాయనకు

కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న 1953-56 నాటి పరిపాలన మీద నా పీహెచ్‌డీ థీసిస్ మొన్ననే ఇచ్చేశాను. గైడుగారికీ, ఇంట్లోవాళ్లకూ చెప్పాల్సిన కృతజ్ఞతలు ముందు పేజీల్లో చెప్పేశాను. పేరు రాయొద్దని గట్టిగా చెప్పిన ఒకాయన మిగిలారు.

ఆయన రిటైరైన సూపరింటెండెంటు. నేను రాసుకొచ్చిన పాత ఫైళ్ల జాబితా చూసి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, నంబరు పక్కనున్న అక్షరాల మీద వేలు పెట్టారు. పని ముగిసిన ఫైలును ఎన్నాళ్లు దాచాలో చెప్పే గుర్తులవి. "ఆర్.డిస్ శాశ్వతంగా ఉంచేది. డి.డిస్ పదేండ్లు, కె.డిస్ మూడేండ్లు, ఎల్.డిస్ ఏడాదే. లేని కాగితం కోసం ఎండలో ఎందుకు తిరుగుతావమ్మా?" అక్కడికక్కడే సగం జాబితా కొట్టేశారు.

ఉన్నవాటిలో ముందు నోట్ ఫైలు చదవమన్నారు. జీవోలో నిర్ణయం ఒక్కటే కనిపిస్తుంది, ఎవరు అడ్డం చెప్పారో, ఎందుకు చెప్పారో నోట్‌లోనే దొరుకుతుందట. నా మూడో అధ్యాయమంతా ఆ మాట మీదే నిలబడింది. డేరాల్లో ఆఫీసులు నడిచాయని కర్నూలులో ఎవరైనా చెప్తారు. ఆ డేరాల్లో ఒక కాగితం ఏ బల్ల మీంచి ఏ బల్ల మీదికి పోయేదో ఊహించడం మాత్రం ఆయనే నేర్పారు.

కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందం మాటెత్తితే చాలు, టీ చల్లారిపోయేది. రాజధాని మనకూ, హైకోర్టు గుంటూరుకూ పోవడం న్యాయమేనా అన్నదాంట్లో మా ఇద్దరికీ ఇప్పటికీ పడదు.

సార్, వైవా తేదీ రాగానే ఫోన్ చేస్తా. మోకాళ్ల నొప్పులంటే ఒప్పుకోను, మా తమ్ముడు బండి తెస్తాడు.