లావెండర్ నూనె చికిత్సను నిలిపివేస్తున్నాము

అనంతపురం కమలానగర్‌లోని మా మర్దన కేంద్రానికి ఏళ్ల తరబడి వస్తున్న మీ అందరికీ నమస్కారం. లావెండర్ నూనెతో చేసే ఆరోమాథెరపీని ఈ నెల నుంచి నిలిపివేస్తున్నాను. అడిగినవారికి అడిగినట్టు ముందుగదిలో చెప్పి ఊరుకోవడం కన్నా, జరిగింది జరిగినట్టు అందరికీ రాయడమే మర్యాద అనిపించింది.

ఈ నూనె మాకు ఒక టోకు వ్యాపారి నుంచి వచ్చేది. జమ్మూకశ్మీర్‌లోని భదర్వా ప్రాంతంలో సుగంధ మొక్కల సాగును ప్రోత్సహించే ప్రభుత్వ పథకం సీఎస్‌ఐఆర్ అరోమా మిషన్ ఊతంతో రైతులు పండించే లావెండర్ పూల నుంచి ఆవిరి పద్ధతిలో తీసిన నూనె అని చెప్పి, అందుకు తగ్గ ధరే తీసుకునేవారు. కిందటిసారి వచ్చిన సీసా మూత తీయగానే కర్పూరపు ఘాటు ముక్కుకు తగిలింది. లావెండిన్ అనే లావెండర్ సంకరజాతి మొక్క నూనెలో కర్పూరం శాతం ఎక్కువ, ధర తక్కువ. అనుమానం వచ్చి తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి ఫ్యాను కింద పెట్టాను. అసలైన సుగంధ తైలమైతే ఆవిరైపోతుంది, జిడ్డు మిగలదు. మరునాటి ఉదయానికి కూడా రూపాయి బిళ్లంత మరక అలాగే ఉంది, వెలుతురుకు పట్టి చూస్తే కాగితం వెనక నా వేలు కనిపించింది. మామూలు నూనె ఏదో కలిపారని అప్పుడు తేలిపోయింది. సరుకుతో పంపిన ప్రయోగశాల నివేదికలో లావెండర్ నూనెలోని ముఖ్య పదార్థాలైన లినలూల్, లినలైల్ ఎసిటేట్ పాళ్లు చక్కగానే ఉన్నాయి గానీ, ఆ నివేదికలోని బ్యాచ్ సంఖ్య వేరు, సీసా మీది సంఖ్య వేరు.

ఆ వ్యాపారికి ఫోన్ చేసి అడిగితే, "అనంతపురంలో ఆ తేడా ఎవరు పట్టుకుంటారమ్మా, వాసన వస్తే చాలదా?" అన్నారు. సరుకు కల్తీ అయినందుకన్నా ఆ మాటకే నేను ఎక్కువ బాధపడ్డాను. మన ఊరివాళ్లకు ఏది అంటగట్టినా చెల్లుతుందనుకునేవారు ఎంత తగ్గించి ఇచ్చినా, వారి సరుకు ఇక మా గడప తొక్కదు.

వేరే చోట తెప్పించి కొనసాగించమని ఇంట్లోవారు అన్నారు. మా రాబడిలో పెద్ద భాగం ఆరోమాథెరపీ గదిదే కనుక ఆ సలహాను తేలిగ్గా తోసేయలేకపోయాను, రోజుల తరబడి లెక్కలు వేసుకున్నాను. చివరకు నన్ను ఆపింది ఒక్కటే ఆలోచన. లావెండర్ వాసన ఆందోళనను కొంత తగ్గించవచ్చని కొన్ని అధ్యయనాలు సూచించాయి, దాన్ని నమ్మే మీకు ఆ నూనె పెట్టాను. కల్తీ నూనెతో ఆ మాట చెప్పలేను. పైగా నిల్వ ఉండి గాలి తగిలిన లినలూల్ కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు వస్తాయి.

నువ్వుల నూనె మర్దన, నుదుటి మీద నూనెను ధారగా పోసే శిరోధార యథాతథంగా ఉంటాయి. ఆ నూనె మన ఊరి గానుగలో నా కళ్లెదుటే ఆడించి తెచ్చేది. మర్దనకు ముందు మీతో కూర్చుని మాట్లాడే కాసేపటిని కూడా తగ్గించను, ఎందుకంటే ఒత్తిడి బయటపడేది అక్కడే. పరీక్షల కాలంలో వచ్చే ఉపాధ్యాయినులు మెడ పట్టేసిందని మాత్రమే చెబుతారు. నిద్రలో పళ్లు బిగించడం వల్ల పొద్దున్నే దవడ నొప్పి, తెల్లవారుజామునే మెలకువ, తిన్నది అరగకపోవడం, పిల్లలు చిన్నమాట అన్నా కసురుకోవడం, ఇవన్నీ నేను అడిగితే గానీ చెప్పరు. అలాంటివారికి శ్వాసను లోపలికి తీసుకున్నంత సేపటికన్నా ఎక్కువ సేపు నెమ్మదిగా వదలడం నేర్పుతాను. గుండె వేగం తగ్గి భుజాలు వాటంతట అవే దిగుతాయి. దీనికి నేను రుసుము తీసుకోను.

ఛాతీలో నొప్పి, ఒక కాలి పిక్కలో వాపు ఉన్నవారు మాత్రం మర్దనకు రాకుండా నేరుగా వైద్యుని దగ్గరకు వెళ్లాలి. వారాల తరబడి దిగులు వదలనివారు, బతకాలనిపించనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అది మా నూనెలతో తీరే కష్టం కాదు.

ఆరోమాథెరపీకి ముందుగా సొమ్ము కట్టినవారు దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు, ఇష్టమైతే శిరోధారకు మార్చుకోవచ్చు. సీసా మీది బ్యాచ్ సంఖ్యకు సరిపోయే నివేదిక చేతికి వచ్చి, నేను కాగితం మీద పరీక్షించి చూసే వరకు ఆ గది తలుపు తెరవను.